బేస్‌మెంట్లో ఓడ కట్టడం
(రేడియో ప్రసంగ పాఠం)



ఈవేళ ఒక పాత షికారు ఓడకి చిన్న నమూనా ఎలా కట్టాలో చెబుతాను. "కిట్ కొనుక్కొచ్చి అతికించడమేగా!" అని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. కిట్‌తో చేసేవాళ్ళున్నారు, అందులో తప్పేమీ లేదు. కానీ నేను చెప్పబోయేది కాగితం మీద ఉన్న గీతల నుంచి మొదలుపెట్టి, చెక్క కోసి, నీళ్ళలో తేలి నడిచేదాకా తీసుకెళ్ళే పద్ధతి. షామ్‌బర్గ్‌లో మా బేస్‌మెంట్లో ఈ పని సాగింది. ఇక్కడ చలికాలం ఎంత పొడుగో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ముందు ఓడ సంగతి. మోటారు యాట్ అంటే తెరచాప లేకుండా ఇంజను మీద నడిచే షికారు ఓడ. సరుకు మొయ్యదు, వల వెయ్యదు. కలిగినవాళ్ళు నీళ్ళమీద ఇల్లు కట్టుకుని తిరిగారన్నమాట. నేను ఎంచుకున్నది 'సెకోయా'. జాన్ ట్రంపీ అనే నార్వే దేశస్థుడు గీసిన డిజైను. 1925లో న్యూజెర్సీలోని క్యామ్డెన్‌లో మాథిస్ యాట్ బిల్డింగ్ కంపెనీ కట్టింది. పొడవు 104 అడుగులు, వెడల్పు సుమారు 19 అడుగులు, అంతా చెక్కే. 1931లో అమెరికా ప్రభుత్వం దీన్ని కొన్నది. హూవర్ మొదలుకుని చాలామంది ప్రెసిడెంట్లు దీనిమీద తిరిగారు. కెనెడీ తన ఆఖరి పుట్టినరోజు, 1963 మే 29, దీనిమీదే జరుపుకున్నాడు. 1977లో కార్టర్ ఇదంతా దుబారా అని అమ్మించేశాడు. 1987లో దీనికి జాతీయ చారిత్రక చిహ్నం హోదా వచ్చింది.

ఇక్కడే మొదటి చిక్కు. ఓడకి నమూనా కడతాను అంటే చాలదు, ఏ సంవత్సరంలోని ఓడకి అనేది కూడా తేల్చుకోవాలి. రూజ్వెల్ట్ చక్రాల కుర్చీ కోసం ఇందులో ఒక లిఫ్టు పెట్టించారు. జాన్సన్ వచ్చాక దాన్ని తీయించి ఆ చోట బార్ పెట్టించాడు. రంగులు, గొడుగు గుడ్డలు, కుర్చీలు అన్నీ కాలాన్నిబట్టి మారాయి. 1933 నాటి మెట్లూ 1965 నాటి రెయిలింగూ ఒకే నమూనాలో కనబడితే, అలాంటి ఓడ ఏ రోజునా లేదన్నమాటే. (ఊరు వదిలి పాతికేళ్ళయినవాళ్ళం మన ఊరిని తలుచుకునేటప్పుడు కూడా ఇలాగే రకరకాల సంవత్సరాలు కలిపేస్తాం లెండి.) నేను 1963 పుట్టినరోజు నాటిది తీసుకున్నాను. కారణం సింపుల్. ఆ రోజు ఫొటోలు ఉన్నాయి, ప్రభుత్వ ఫొటోగ్రాఫర్లు తీసినవి గనక ఎవరైనా చూడచ్చు.

తర్వాత స్కేలు. 24లో ఒక వంతు అన్నాం అనుకోండి, 104 అడుగులు 52 అంగుళాలవుతుంది. 48లో ఒక వంతైతే 26 అంగుళాలు. గాజు పెట్టెలో పెట్టి చూసుకోవడానికి రెండోది చాలు. నీళ్ళలో నడవాలంటే మొదటిదే మేలు, ఎందుకో ముందు ముందు చెబుతాను. 20లో ఒక వంతు ఎందుకు కాదూ అంటే, అది 62 అంగుళాలు దాటుతుంది, మా స్నానాల తొట్టిలో పట్టదు! నవ్వకండి. ఓడ నమూనాకి తొట్టే మొదటి సముద్రం. తొట్టిలో పట్టాలి, మెట్లమీద మలుపు తిరగాలి, కారు వెనక సీట్లో పడుకోవాలి. స్కేలు నిర్ణయించేవి ఇవే.

ఈ పనిలో నాకు గురువు మా మావగారు. ఆయన విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో మోల్డ్ లాఫ్టులో పనిచేసి రిటైరయ్యారు. ఆ యార్డు 1941లో సింధియా కంపెనీ మొదలుపెట్టింది. స్వతంత్రం వచ్చాక మన దేశంలో నీళ్ళలోకి దిగిన మొదటి పెద్ద ఓడ 'జల ఉష'ని 1948 మార్చి 14న నెహ్రూ అక్కడే జలప్రవేశం చేయించారు. 1952లో ప్రభుత్వపు చేతికి వచ్చి హిందుస్థాన్ షిప్‌యార్డు అయింది కానీ, విశాఖలో ఆ చుట్టుపక్కల ప్రాంతాన్ని ఇప్పటికీ సింధియా అనే అంటారు.

మోల్డ్ లాఫ్ట్ అంటే ఒక పెద్ద హాలు. కంప్యూటర్లు రాకముందు ఆఫీసులో చిన్న కాగితం మీద గీసిన ఓడ గీతల్ని ఆ హాలు నేలమీద అసలు సైజులో గీసేవారు. కాగితం మీద పెన్సిల్ గీత మందమంత తేడా నేలమీద అంగుళాల్లోకి వచ్చేస్తుంది. కాబట్టి పొడవాటి సన్నటి చెక్క బద్దల్ని మేకుల మధ్య వంచి, వంపు ఎక్కడా మిట్టా పల్లం లేకుండా సాగుతోందా లేదా అని చూసి, సవరించి, అప్పుడు గీత గీసేవారు. ఆయన ఉద్యోగమంతా చిన్నదాన్ని పెద్దది చెయ్యడం. అక్టోబరులో విజిటర్ వీసా మీద మా ఇంటికి వచ్చి, నవంబరుకల్లా కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, వచ్చేపోయే కార్లు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఈ పరిస్థితి మీలో చాలామందికి తెలిసినదే. ఒకరోజు కిందకి దిగొచ్చి, బల్లమీద పరిచిన డ్రాయింగు చూసి, "ఏటి బాబూ ఇది, ఎవరి బాడీ ప్లాను?" అన్నారు. ఇక ఆ రోజునుంచీ కార్ల లెక్క ఆగిపోయింది.

ఓడ గీతలు మూడు చూపుల్లో ఉంటాయి. పక్కనుంచి ఒకటి, పైనుంచి ఒకటి, ముందునుంచి ఒకటి. ముందునుంచి చూసేదాన్నే బాడీ ప్లాన్ అంటారు. ఉల్లిపాయని అడ్డంగా కోస్తే కనబడే పొరల్లా, ఓడని ఒక్కోచోట అడ్డంగా కోస్తే ఆ కోత ఆకారం ఎలా ఉంటుందో అందులో ఉంటుంది. ఆ ఆకారాలను మూడు మిల్లీమీటర్ల ప్లైవుడ్ మీద అతికించి, కోసి, వెన్నుబద్ద మీద వరసగా నిలబెడితే ఓడ అస్థిపంజరం తయారవుతుంది. దానిమీద సన్నటి బద్దలు ఒకదాని పక్కన ఒకటి అతికించుకుంటూ పోవాలి.

ఇక్కడ తొందరపడకూడదు. బద్దలు అతికించేముందు ఒక్క బద్దని తీసుకుని, అస్థిపంజరం మీద ముక్కునుంచి తోకదాకా ఊరికే ఆనించి చూడాలి. ఏ చట్రం దగ్గరైనా బద్ద ఆనకుండా సందు ఉంటే ఆ చట్రం పొట్టిది. ఎక్కడైనా బద్ద ఉబికితే ఆ చట్రం పొడుగుది. మావగారి మాట ఒకటుంది: "బద్ద అబద్ధం చెప్పదు". దీపం కిందకి దించి, వెలుతురు ఏటవాలుగా పడేలా పెట్టి, ఒక కన్ను మూసి చూసేవారు. నా డిజిటల్ కాలిపరు పట్టుకోలేని మిట్ట ఆయన కంటికి చిక్కేది.

ఇంకొకటి. ఓడ మధ్యలో లావు, కొసల్లో సన్నం. కాబట్టి బద్దలన్నీ ఒకే వెడల్పున ఉంటే ముక్కు దగ్గర చోటు చాలదు. దీనికి లెక్కలేమీ అక్కర్లేదు. ఒక కాగితం పట్టీని చట్రం అంచు చుట్టూ చుట్టి, పొడవు గుర్తు పెట్టుకుని, దాన్ని సగానికి సగం, మళ్ళీ సగానికి సగం మడవండి. పదహారు మడతలు వస్తాయి, పదహారు బద్దల వెడల్పు తెలిసిపోతుంది. ప్రతి చట్రం దగ్గరా ఇలాగే. మా ఎనిమిదేళ్ళ అమ్మాయి ఈ పనంతా చేసింది. భిన్నాలు స్కూల్లో వచ్చేలోగానే వచ్చేశాయి.

చెక్క విషయంలో మన షికాగో వాతావరణం పెద్ద శత్రువు. జనవరిలో ఫర్నెస్ నడుస్తుంటే ఇంట్లో తేమ ముప్ఫై శాతానికి, ఒక్కోసారి ఇంకా కిందకి పడిపోతుంది. జులైలో బేస్‌మెంట్ చెమ్మగా ఉంటుంది. చెక్క పొడవునా దాదాపు మారదు కానీ, అడ్డంగా ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. వేసవిలో బిగువుగా అతికించిన బద్దల మధ్య చలికాలంలో సందులు పడతాయి. చలికాలంలో ఎముకలా ఎండిన చెక్కతో కడితే వేసవిలో అవి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. అందుకని చెక్కని కొన్నాక రెండు వారాలు అక్కడే ఉంచి, హ్యుమిడిఫయరుతో తేమని నలభై శాతం దగ్గర నిలబెట్టి పని చేశాం. లోపలి వైపు ఎపాక్సీ పూశాం. వాడింది బాస్‌వుడ్. కొండపల్లి బొమ్మల పొనికి చెక్క చూసినవాళ్ళకి దీన్ని ముట్టుకుంటే చేతికి తెలిసినట్టే ఉంటుంది, తేలిగ్గా, మెత్తగా, కత్తికి లొంగుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. అన్నిటినీ 24తో భాగిస్తే నమూనా వచ్చేస్తుందనుకుంటాం. రాదు. కొన్ని 24తో తగ్గుతాయి, కొన్ని అంతకన్నా చాలా ఎక్కువ తగ్గుతాయి, కొన్ని అసలు తగ్గవు.

తగ్గనివాటితో మొదలుపెడదాం. చెక్క మీద పోగు గీతలు తగ్గవు. అసలు ఓడ క్యాబిన్లకి మహాగని వాడారని మనం కూడా మహాగనే వాడితే, ఆ రంధ్రాలూ గీతలూ 24 రెట్లు పెద్దవై మామిడి చెక్క బీరువాలా కనబడుతుంది. సన్నటి పోగున్న చెర్రీయో, పియర్ చెక్కో తీసుకుని రంగు వెయ్యాలి. మెరుపు కూడా తగ్గదు. అద్దంలా మెరిసే వార్నిషు వేస్తే బొమ్మ అయిపోతుంది, కాస్త చంపాలి. డెక్ మీద పలకల మధ్య నల్ల గీత అసలు ఓడలో పావు అంగుళం ఉందనుకుంటే నమూనాలో పావు మిల్లీమీటరు. దాన్ని పెయింటుతో గియ్యలేం. పలక అంచుకి పెన్సిల్ రుద్ది అతికిస్తే సరిగ్గా సరిపోతుంది. అంగుళం మందం రెయిలింగు కడ్డీ ఒక మిల్లీమీటరు ఇత్తడి తీగ. ఇక్కడ కాస్త లావు చేసినా కన్ను పట్టేస్తుంది. ఒక ఉపాయం చెబుతాను. ఆరడుగుల మనిషి ఈ స్కేలులో 76 మిల్లీమీటర్లు. అట్టముక్కతో అంత మనిషిని కత్తిరించి దగ్గర పెట్టుకోండి. ప్రతి తలుపు దగ్గరా, మెట్టు దగ్గరా నిలబెట్టండి. వాడి తల తగిలితే మీ కొలత తప్పు.

షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళినప్పుడు కింది అంతస్తులో థోర్న్ మినియేచర్ గదులు చూడండి. నార్సిస్సా థోర్న్ అనే ఆవిడ 1930లలో పనివాళ్ళతో చేయించిన గదులు, అక్కడ 68 ఉన్నాయి, అన్నీ అడుగుకి అంగుళం లెక్కన. వాటి రహస్యం కుర్చీల్లో కన్నా వెలుతురులో ఉంది. కిటికీ అవతల ఎండ ఉన్నట్టే ఉంటుంది. మనవాళ్ళు దీన్ని ఎప్పుడో పట్టుకున్నారు. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో ద్వారకా నగరం గుర్తుందా? మద్రాసు వాహినీ స్టూడియోలో యాభై అడుగులకి అరవై అడుగుల చోటులో దాదాపు మూడువందల చిన్న చిన్న అట్ట ఇళ్ళు కట్టి, ఇంటింటికీ దీపం పెట్టారు. మార్కస్ బార్ట్‌లే కెమెరా దాన్ని నగరం చేసింది.

అయితే ఇళ్ళని ఒప్పించినంత తేలిగ్గా నీళ్ళని ఒప్పించలేం.

బరువు చూడండి. వంద టన్నుల ఓడ ఉందనుకుందాం. దాని పొడవు 24వ వంతు, వెడల్పు 24వ వంతు, లోతు 24వ వంతు. మూడూ కలిపితే బరువు 13,824వ వంతు. అంటే నమూనా ఏడు కిలోలకి కాస్త పైన. ఆ బరువు ఉంటేనే అసలు ఓడ ఎంతవరకు మునుగుతుందో అంతవరకు మునుగుతుంది. 48లో ఒక వంతైతే మొత్తం కిలో కూడా రాదు, అందులో మోటారు, బ్యాటరీ, రేడియో, చెక్క అన్నీ ఇమడాలి. నడిచే ఓడకి పెద్ద స్కేలు మేలన్నది ఇందుకే.

వేగం ఇంకో రకం. 12 నాట్ల ఓడ నమూనా ఎంత వేగంతో పోవాలి? 24తో భాగిస్తే అర నాటు, తాబేలు నడక. కానీ ఆ వేగంలో ముక్కు దగ్గర అలే లేవదు. ఇంగ్లండులో విలియం ఫ్రూడ్ అనే ఇంజనీరు దీన్ని తేల్చాడు. 1872లో టార్కీ ఊళ్ళో పొడవాటి నీళ్ళ తొట్టి కట్టి, మైనంతో ఓడ నమూనాలు పోసి, లాగి చూశాడు. ఓడ లేపే అల ఆకారం సరిపోవాలంటే వేగాన్ని స్కేలుతో కాదు, స్కేలు వర్గమూలంతో భాగించాలి. 24 వర్గమూలం సుమారు 4.9. కాబట్టి 12 నాట్లు రెండున్నర నాట్లవుతుంది, అంటే గంటకి నాలుగున్నర కిలోమీటర్లు. ఒడ్డున మనిషి మామూలుగా నడిచే నడక. పిల్లలు రిమోటు చేతికివ్వగానే స్పీడ్‌బోటులా పరిగెత్తిస్తారు, అప్పుడు అది ఓడ కాదు, నీళ్ళమీద ఎలక.

ఇదేదో పిల్లల ఆట లెక్క కాదు. విశాఖలో రక్షణశాఖ వారి ఎన్‌ఎస్‌టీఎల్ అనే ప్రయోగశాల ఉంది, 1969లో మొదలైంది. అక్కడ అరకిలోమీటరు పొడవు, ఎనిమిది మీటర్ల వెడల్పు ఉన్న తొట్టి ఉంది. మన నౌకాదళపు ఓడల నమూనాలను అందులో లాగి, అసలు ఓడకి ఎంత ఇంజను కావాలో ముందే లెక్కగడతారు. అలల్లో ఓడ ఎలా ఊగుతుందో, ఎలా తిరుగుతుందో చూడటానికి ఇంకో పెద్ద కొలను కూడా కట్టారు. వాళ్ళు వాడేదీ ఆ ఫ్రూడ్ లెక్కే. మావగారికి ఈ సంగతి చెబితే, "మా ఊళ్ళో ఉన్నదాన్ని షికాగోలో చెబుతున్నావా" అని నవ్వారు.

ఊగడం దగ్గర ఆగాలి. ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఓడని ఒక పక్కకి కొంచెం వంచి వదిలితే అటూ ఇటూ ఊగి నిలబడుతుంది. కాలం కూడా వర్గమూలంతోనే తగ్గుతుంది. అసలు ఓడ ఒక ఊపుకి అయిదు సెకన్లు తీసుకుంటే నమూనా ఒక సెకను తీసుకోవాలి. సినిమాల్లో ఓడ నమూనాలను వేగంగా తీసి నెమ్మదిగా చూపించేది ఇందుకే. మేము క్యాబిన్లన్నీ అమర్చి మొదటిసారి తొట్టిలో దించినప్పుడు, తలా తోకా చెరో అంగుళం మిగిలింది. మావగారు పక్కకి వంచి వదిలారు. అది ఎంతో హుందాగా, మెల్లగా, రెండు సెకన్ల పైన తీసుకుని లేచింది. నాకు ముచ్చటేసింది. ఆయన మొహం మాత్రం మారిపోయింది. "ఇది హుందా కాదు బాబూ, బద్ధకం. లేవనా వద్దా అని ఆలోచిస్తంది" అన్నారు.

కారణం ఇది. బరువు కిందుంటే ఓడ చటుక్కున లేస్తుంది. బరువు పైకి పోయినకొద్దీ లేచే బలం తగ్గి, ఊపు నెమ్మదవుతుంది. ఇంకా పైకి పోతే ఒక ఊపుకి వంగి, ఇక లేవదు. నమూనాలకి ఈ జబ్బు సహజం, ఎందుకంటే క్యాబిన్ గోడల్ని ఎంత పల్చగా చేసినా స్కేలుకి మించిన మందమే ఉంటుంది, బరువు పైన చేరుతుంది. అందుకని పై కప్పుని ఒకటిన్నర మిల్లీమీటరు నుంచి ముప్పావు మిల్లీమీటరు ప్లైవుడ్‌కి మార్చాం, బ్యాటరీని వెన్నుబద్ద మీదకి దించాం, మిగిలిన బరువుకి సీసపు గుళ్ళు అడుగున పోశాం. ఊపు సెకనుకి కాస్త పైన వచ్చేదాకా మూడు రాత్రులు తొట్టి ఖాళీ చెయ్యలేదు. ఆ మూడు రోజులూ ఇంట్లోవాళ్ళు స్నానానికి పైబాత్రూముకి క్యూ కట్టారు.

ఆ రాత్రి మావగారు 2019 సెప్టెంబరు 15 గురించి మాట్లాడారు. గోదావరి మీద కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ బోటు మునిగిన రోజు. పాపికొండలు చూడబోయినవాళ్ళు పదుల సంఖ్యలో పోయారు. కాకినాడ నుంచి ధర్మాడి సత్యం బృందం వచ్చి అక్టోబరులో బోటుని బయటకి లాగింది. ఆ రోజు నది వరద మీద ఉంది, సుడి ఉంది. అది ఫలానా కారణంతోనే మునిగిందని నేను చెప్పడం లేదు. కానీ రెండంతస్తుల బోటు మీద అందరూ చూడటానికి పైకెక్కితే బరువు పైకి పోతుందన్నది ఏ బోటుకైనా ఒకటే. మనలో సెలవులకి వెళ్ళినప్పుడు పిల్లల్ని తీసుకుని బోటెక్కేవాళ్ళు చాలామంది. లైఫ్ జాకెట్ తొడగడం, అందరూ పైఅంతస్తులోకి, అందులోనూ ఒకే పక్కకి పోకుండా చూసుకోవడం మన చేతిలో ఉన్నవి. ఎక్కేముందు బోటు అలకి ఎలా ఊగుతోందో కూడా ఒక్క నిమిషం చూడండి. మెల్లగా వాలి, వాలినవైపే ఆగి ఆగి లేస్తుంటే తర్వాతి బోటుకి వెళ్ళండి.

మార్చి చివర్లో చెరువు మీద మంచు కరిగింది. మావగారి టికెట్టు ఏప్రిల్ మొదటి వారానికి. గాలిలేని ఒక ఆదివారం పొద్దున్న సెకోయాని నీళ్ళలో దించాం. (మీరూ దించేముందు పార్కు డిస్ట్రిక్టు వాళ్ళని అడగండి, అన్ని చెరువుల్లోనూ ఒప్పుకోరు.) అమ్మాయి ఒడ్డున నడుస్తుంటే ఓడ తనతో సమానంగా నడిచింది, ముక్కు దగ్గర ఫొటోల్లో ఉన్నట్టే సన్నటి తెల్ల మీసం లేచింది. గాలి రేగగానే తీసేశాం. అలలు మాత్రం స్కేలుకి తగ్గవు, మూడంగుళాల అల ఈ ఓడకి ఆరడుగుల కెరటం.

ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే సెకోయాతో కాకుండా చిన్న లాంచీతో మొదలుపెట్టమంటాను. బద్దలు అతికించే పని లేకుండా, చెక్క పలకల్ని అట్ల దొంతరలా ఒకదానిమీద ఒకటి అతికించి చెక్కే పద్ధతి ఒకటుంది, దానికి ఒక శీతాకాలం చాలు. మాకు గోదావరి పాత లాంచీ ఒకటి కట్టాలని ఉంది కానీ, వాటికి గీతలు దొరకడం లేదు. ఉన్నదాన్ని కొలిచి మనమే గీసుకోవాలి. మావగారు వచ్చే నెల రాజమండ్రి వెళ్ళి, రేవులో ఒడ్డుకెక్కించి ఉన్న ఒకదాన్ని కొలుస్తానన్నారు. ఇక్కణ్ణుంచి ఏం పంపమంటారని అడిగితే, అంగుళాల టేపు వద్దు, మిల్లీమీటర్లది పంపమన్నారు. నిన్ననే పోస్టులో వేశాను.